మా బాబు రీజనింగ్ టెస్ట్ రిపోర్టు: పర్సెంటైల్ 33 అంటే ఫెయిలయినట్టా?

కల్లూరు నాన్న (కర్నూలు)

అందరికీ నమస్తే. మాది కర్నూలు, కల్లూరు వైపు ఉంటాం. మా బాబు ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీష్ మీడియం ఐదో తరగతి. పోయిన నెల వాళ్ల స్కూల్లో రీజనింగ్ ఎబిలిటీ టెస్ట్ అని ఒకటి పెట్టారు, అది ఏమిటో ఎందుకో మాకు ముందుగా చెప్పలేదు. మొన్న శనివారం పేరెంట్స్ మీటింగ్‌కి పోతే ఒక రంగుల కాగితం చేతిలో పెట్టారు. నా వెనక ఇంకా ఇరవై మంది నిలబడి ఉన్నారు, క్లాస్ టీచర్ "వెర్బల్ కొంచెం వీక్ సార్, చూసుకోండి" అని సంతకం పెట్టించుకుని పంపించేసింది. అంతే.

కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా. వెర్బల్: స్టాండర్డ్ ఏజ్ స్కోర్ 93, పర్సెంటైల్ 33, స్టెనైన్ 4. క్వాంటిటేటివ్: 109, 71, 6. నాన్ వెర్బల్: 119, 88, 7. కింద మొత్తం కలిపి 108, 69, 6 అని ఉంది.

మా ఆవిడ 33 చూసిన దగ్గర్నుంచి అన్నం సరిగా తినడం లేదు. మన చిన్నప్పటి నుంచీ 35 పాస్ మార్కు కదా, 33 అంటే రెండు మార్కుల్లో తప్పినట్టేనని ఆమె బాధ. డల్లాస్‌లో ఉండే మా వదినకు ఫోన్ చేస్తే, వాళ్ల పాపకు కోగాట్ అని ఇలాంటిదే పెట్టారంట, 98 పర్సెంటైల్ వచ్చి గిఫ్టెడ్ క్లాసులో సీటు వచ్చిందని చెప్పింది. మరి మావాడి 93 అంటే ఐక్యూ వందకు తక్కువనా అని ఇంకో టెన్షన్ మొదలైంది. ఇదంతా మేము హాల్లో మాట్లాడుకుంటుంటే వాడు విన్నాడు. పొద్దున చూస్తే రిపోర్టు లేదు. వెతికితే మా అమ్మ ట్రంకు పెట్టె కింద నాలుగు మడతలు పెట్టి దాచి ఉంది.

వాడు మొద్దు పిల్లోడు కాదండీ. వాళ్లమ్మ వాకిట్లో చుక్కల ముగ్గు మొదలుపెట్టి ఒక మూల వేసేసరికి మిగతా మూడు మూలలూ ఎట్ల వస్తాయో వేలితో గాలిలో గీసి చూపిస్తాడు. 33 అంటే ఫెయిలేనా? 93 అంటే ఐక్యూనా? ట్యూషన్ పెట్టించాలా? తెలిసినవాళ్లు చెప్పండి, దయచేసి.

---

చెక్‌పోస్ట్ బ్రదర్ (కర్నూలు)

అన్నా, అబాకస్‌లో వేయండి. మా పాపను నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర వేశాం, బ్రెయిన్ బాగా షార్ప్ అయింది. రీజనింగ్ అంతా అదే వస్తుంది.

---

ఆదోని టీచరమ్మ

నేను 14 ఏళ్లుగా స్కూల్లో పని చేస్తున్నా, ఇలాంటి రిపోర్టులు తల్లిదండ్రులకు చదివి చెప్పే పని ఐదారేళ్లుగా నాదే. పైన అబాకస్ చెప్పిన తమ్ముడూ, మీ పాపకు ఉపయోగపడితే సంతోషం, కానీ అబాకస్ లెక్కలు వేగంగా చేయడానికి. ఈ బాబుకు లెక్కల వైపు ఇబ్బందే లేదు. తగ్గింది మాటల వైపు. మోకాలి నొప్పికి తలనొప్పి మాత్ర ఇచ్చినట్టవుతుంది.

అన్నా, ముందు మీ ఆవిడగారిని కూర్చోబెట్టి ఒక్క విషయం చెప్పండి. పర్సెంటైల్ అంటే మార్కులు కాదు. నూటికి 33 ప్రశ్నలు రాశాడని కాదు. మీ బాబు వయసు పిల్లలు వంద మందిని ప్రేయర్ గ్రౌండ్‌లో స్కోరు ప్రకారం వరుసగా నిలబెడితే, మీ వాడి వెనక 33 మంది ఉన్నారని. అందులో పాస్ లేదు, ఫెయిల్ లేదు. అందరూ బాగా రాసినా సరే, ఎవరో ఒకరు 33 దగ్గర ఉండక తప్పదు.

స్టెనైన్ అంటే అదే వరుసను తొమ్మిది గుంపులు చేయడం. గుంపులు సమానంగా ఉండవు. వందలో అటు చివర 1లో నలుగురు, ఇటు చివర 9లో నలుగురు, మధ్యలో 5లో 20 మంది. 4, 5, 6 మూడూ కలిపితే 54 మంది. మీ వాడి 4 ఆ గుంపులోనిదే. తొమ్మిదికి నాలుగు మార్కులని ఎవరూ చదవకూడదు, కానీ మా మీటింగుల్లో ప్రతి ఏడాదీ కనీసం పది మంది అట్లే చదివి మొహం వేలాడేసుకుని వస్తారు. తప్పు వాళ్లది కాదు, చెప్పకుండా కాగితం చేతిలో పెట్టేవాళ్లది.

ఇక 93. ఇట్లాంటి టెస్టుల్లో స్టాండర్డ్ ఏజ్ స్కోరుకు 100 మధ్య గీత, ఒక మెట్టుకు 16 పాయింట్లు పెడతారు. 84కీ 116కీ మధ్య సుమారు మూడింట రెండొంతుల పిల్లలు ఉంటారు. 93 అందులోదే. ఇది ఐక్యూ కాదు. సైకాలజిస్టు ఎదురుగా కూర్చోబెట్టుకుని గంట, గంటన్నర చేసే పరీక్ష వేరు, క్లాసులో నలభై మందికి ఒకేసారి కాగితం పంచి పెట్టేది వేరు. రెండోదాంట్లో బయట ట్రాక్టర్ పోయినా, పక్కవాడు పెన్సిల్ అడిగినా, పిల్లోడికి ఆ రోజు జ్వరంగా ఉన్నా ఆ తేడా కూడా స్కోరులోకి వచ్చేస్తుంది. అందుకే చాలా రిపోర్టుల్లో స్కోరు చుక్కకు అటూ ఇటూ ఒక సన్నటి గీత ఉంటుంది, చూడండి. ఇంకో రోజు రాసినా బహుశా ఈ గీత లోపలే ఎక్కడో పడతాడని దాని అర్థం. చుక్కను కాకుండా గీతను చదవాలి.

పర్సెంటైల్‌తో ఇంకో చిక్కుంది, ఇది చాలామంది టీచర్లకూ తెలియదు. స్పోర్ట్స్ డే పరుగుపందెం గుర్తు తెచ్చుకోండి. ముందు ఇద్దరు ముగ్గురు దూరం దూరంగా ఉరుకుతుంటారు, వెనక ఇద్దరు ముగ్గురు ఈడ్చుకుంటూ వస్తుంటారు, మధ్యలో గుంపంతా ఒకరినొకరు రాసుకుంటూ ఉరుకుతుంది. ఆ గుంపులో ఒక్క అడుగు ముందుకు వేస్తే పది మందిని దాటేస్తారు. ఇక్కడా అంతే. స్కోరు 98 నుంచి 104కి పోతే పర్సెంటైల్ 45 నుంచి 60కి ఎగురుతుంది. అదే ఆరు పాయింట్లు 124 నుంచి 130కి పెరిగితే పర్సెంటైల్ 93 నుంచి 97కి, నాలుగే కదులుతుంది. మధ్యలో ఉన్న పిల్లోడి పర్సెంటైల్ నాలుగైదు ప్రశ్నలతోనే బాగా మారిపోతుంది. కాబట్టి 33 చూసి కుంగిపోయేది లేదు, రేపు 48 వస్తే స్వీట్లు పంచేది కూడా లేదు.

అయితే మీ కాగితంలో నేను ఆగి చూసేది 33ను కాదు. 93కీ 119కీ మధ్య ఉన్న దూరం, 26 పాయింట్లు. ఇది చిన్నది కాదు, ఏదో చెబుతోంది. బొమ్మల్లో, ఆకారాల్లో సంబంధాలు పట్టుకోవడంలో వాడు వంద మందిలో 88 మంది కంటే ముందున్నాడు. మీరు చెప్పిన ముగ్గు సంగతి అదే. మాటల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తగ్గాడు? ఆ టెస్ట్ ఏ భాషలో ఉంది? ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? మా ఆదోనిలో ఇంట్లో కన్నడ, వీధిలో తెలుగు, స్కూల్లో ఇంగ్లీష్ అయిన పిల్లలను ఎంతమందినో చూశాను. ఇంగ్లీషులో పెట్టిన వెర్బల్ టెస్టులో వాళ్లకు మొదటి గడప ఆ మాట తెలియడమే. ఆ గడప దాటాకనే ఆలోచన.

ఒక పని చేయండి. దీనికి ఇది అయితే దానికి ఏది అన్నట్టు మాటల జతల ప్రశ్నలు ఐదారు, మొదట ఇంగ్లీషులో, తర్వాత అవే తెలుగులో, ఆటలా అడగండి. జవాబు తప్పయినా తప్పని చెప్పకండి, "ఎందుకు అది ఎంచుకున్నావు" అని మాత్రం అడగండి. వాడు చెప్పింది ఇక్కడ రాయండి. ఇంకొకటి, టెస్టు కంపెనీ ఏ పిల్లలతో పోల్చి ఈ నంబర్లు ఇచ్చిందో స్కూలును అడగండి. మన పిల్లలతోనా, వేరే దేశం పిల్లలతోనా. అడగడం మీ హక్కు.

---

అనంత లెక్కల సారు

అనంతపురం జిల్లాలో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. టీచరమ్మగారు చెప్పినదంతా కరెక్టు. నా అనుభవం ఎన్ఎంఎంఎస్ పిల్లలతో.

తెలియనివాళ్ల కోసం: ఎనిమిదో తరగతిలో ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్ల పిల్లలకు పెట్టే స్కాలర్‌షిప్ పరీక్ష అది. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. మ్యాట్ అనే మెంటల్ ఎబిలిటీ పేపరులో 90 ప్రశ్నలు, శాట్ అనే సబ్జెక్టుల పేపరులో 90. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా సంవత్సరానికి 12,000. అక్కడ 40 శాతం, ఎస్సీ ఎస్టీ పిల్లలకు 32 శాతం అర్హత మార్కు ఉంది. అది నిజంగా శాతం, ఎన్ని ప్రశ్నలు కరెక్టు పెట్టారన్న లెక్క. అందుకే తల్లిదండ్రులు ఆ 40నీ ఈ పర్సెంటైల్ 33నీ ఒకే కాటాలో తూచేస్తారు. రెండూ ఒకటి కాదు.

నేను చెప్పదలచింది వేరే. మూడేళ్ల క్రితం మా క్లాసులో ఒక అమ్మాయి, బోర్డు మీద నంబర్ సిరీస్ రాస్తే నేను చాక్‌పీసు కింద పెట్టేలోపు జవాబు చెప్పేది. మాక్ టెస్ట్ మ్యాట్‌లో 90కి 19 వచ్చింది. నాకే నమ్మకం కలగలేదు. ఓఎంఆర్ షీటు తీసి పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే, 11వ ప్రశ్న రాకపోతే వదిలేసింది గానీ బబుల్ మాత్రం వదల్లేదు. 12 జవాబు 11లో, 13 జవాబు 12లో, అట్లా చివరిదాకా ఒక గడి పైకి జరిగింది. ఒక గడి కిందికి దించి లెక్కపెడితే 61. ఆ రోజు నేను ఆ షీటు తెరిచి చూడకపోతే ఆ అమ్మాయికి రీజనింగ్ రాదని రిజిస్టరులో రాసేసి ఉండేవాణ్ణి. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది.

కాబట్టి అన్నా, మీ వాడు అలాంటి పరీక్ష రాయడం ఇదే మొదటిసారా అని అడగండి. కాగితం మడతపెట్టి రంధ్రం చేస్తే విప్పినప్పుడు ఎట్లా ఉంటుందనే ప్రశ్నలుంటాయి, మొదటిసారి చూసిన పిల్లలకు ప్రశ్న ఏమి అడుగుతుందో అర్థం కావడానికే టైం పోతుంది. ఒకటి రెండుసార్లు ఆ రకం ప్రశ్నలు చూపించడం తప్పు కాదు, అది న్యాయం. కానీ నెలల తరబడి కోచింగ్ పెట్టి స్కోరు పెంచితే ఆ స్కోరు మీకు పిల్లోడి గురించి ఏమీ చెప్పదు, కోచింగ్ గురించి చెబుతుంది. ఈ రకం పరీక్షకు మూలం వేసిన ఫ్రాన్స్ ఆయన ఆల్ఫ్రెడ్ బినే 1905లో దాన్ని తయారుచేసింది ఏ పిల్లలకు బళ్లో అదనపు సాయం కావాలో తెలుసుకోవడానికి, ర్యాంకులు ఇవ్వడానికి కాదు. మనం దాన్ని ర్యాంకు కార్డు చేసేశాం.

---

కడప అమ్మ

నేను మాది కూడా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ అందరూ తక్కువ స్కోరు గురించే మాట్లాడుతున్నారు. ఎక్కువ వచ్చినా మేము తప్పే చేశాం.

మా పాపకు మూడో తరగతిలో ఇలాంటి టెస్టులోనే స్కోరు 130, పర్సెంటైల్ 97 వచ్చింది. మా ఆయన ఏడు రోడ్ల దగ్గర రిపోర్టు కలర్ జెరాక్స్ తీయించి ఊళ్లో బంధువులందరికీ చూపించారు. మా అత్తగారైతే "మా మనవరాలికి 97 వచ్చింది" అని గుడికి వచ్చినవాళ్లకు కూడా చెప్పింది. ఆ వేసవిలోనే ఫౌండేషన్ కోచింగ్‌లో చేర్చాం. పాప మెల్లగా మారింది. తెలిసిన లెక్కలు మాత్రమే చేసేది. కొత్తది ఇస్తే పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చునేది, లేకపోతే కడుపునొప్పి అనేది. రాకపోతే ఆ 97 పోతుందని భయమని చాలా రోజుల తర్వాత నాతో చెప్పింది.

ఐదో తరగతిలో మళ్లీ పెట్టారు, 121 వచ్చింది, పర్సెంటైల్ 90. ఇంట్లో చావు ఇల్లులాగా అయిపోయింది. పిల్ల చదువు పాడైందని మా ఆయన, నా ఫోన్ వల్లేనని అత్తగారు. అప్పుడు ఆ స్కూల్లో కౌన్సెలర్ మేడం మమ్మల్ని ఇద్దరినీ పిలిచి చెప్పింది. మొదటిసారి బాగా పైన వచ్చిన పిల్లల్లో చాలామందికి రెండోసారి కొంచెం దిగుతుంది, మొదటిసారి తెలివితో పాటు ఆ రోజు కలిసిరావడం కూడా కొంత ఉంటుంది, ప్రతిసారీ అంతా కలిసిరాదు అని. బాగా కింద వచ్చినవాళ్లకు అట్లే రెండోసారి కొంచెం ఎక్కుతుందంట. పాప ఏమీ తగ్గలేదని, రెండు రిపోర్టులూ దాదాపు ఒకే పిల్లను చూపిస్తున్నాయని గీతలు పక్కపక్కన పెట్టి చూపించింది.

మీ బాబు రిపోర్టు ట్రంకు కింద దాచాడని చదివి నాకు మా పాపే గుర్తొచ్చింది. వాడి ముందు ఆ నంబర్ల గురించి ఫోన్లలో మాట్లాడకండి అన్నా. డల్లాస్ పాపతో పోలిక అసలు వద్దు.

---

కల్లూరు నాన్న (కర్నూలు)

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. మా ఆవిడకు మొత్తం చదివి వినిపించాను, గ్రౌండ్‌లో వంద మంది మాట దగ్గర "అయితే 33 మంది వెనక ఉన్నారా" అని రెండుసార్లు అడిగింది. నిన్న రాత్రి అన్నం తింది.

టీచరమ్మ చెప్పినట్టు నిన్న సాయంత్రం మేడ మీద కూర్చుని ఆటలా అడిగాను. బర్డ్‌కి నెస్ట్ అయితే బీకి ఏది, హైవ్, వెబ్, కెనెల్, హనీ అని నాలుగిచ్చాను. వాడు వెబ్ అన్నాడు. నాకు నోటిదాకా వచ్చింది తప్పని, ఆపుకున్నా. ఎందుకు నాన్నా అంటే "నెస్ట్ అంటే ఇల్లు కదా, ఇందులో ఇల్లు ఏదో వెతికినా, వెబ్ సాలెపురుగు ఇల్లు, హనీ ఇల్లు కాదు తినేది, మిగతా రెండు మాటలు నాకు తెలీదు, అందుకే తెలిసిన ఇల్లు పెట్టినా" అన్నాడు. అదే తెలుగులో పక్షికి గూడు అయితే తేనెటీగకు అన్నానో లేదో, "తేనెపట్టు" అని అక్కడే చెప్పేశాడు. హైవ్ అన్నా అదే కదా. ఐదు ప్రశ్నలు తెలుగులో అడిగితే ఐదూ చెప్పాడు, ఇంగ్లీషులో రెండు. తప్పిన మూడింటిలోనూ వాడు పోయిన దారి సరైనదే, మాట తెలియక ఆగిపోయాడు.

ఇంకో సంగతి బయటపడింది. రిపోర్టు మీద పుట్టిన తేదీ 2015 జూన్ అని ఉంది. అసలు వాడు పుట్టింది 2015 డిసెంబర్‌లో. ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు వయసు చాలదంటే ఆరు నెలలు ముందుకు జరిపి రాయించాం, అప్పుడు ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు. దానివల్ల ఏమైనా తేడా వస్తుందా?

---

ఆదోని టీచరమ్మ

వస్తుంది అన్నా, బాగా అడిగారు. ఏజ్ స్కోరు పేరులోనే ఉంది, నెలలతో సహా వయసు చూసి ఆ వయసువాళ్లతోనే పోలుస్తారు. మీ వాడిని ఆరు నెలలు పెద్దవాళ్ల వరుసలో నిలబెట్టారు. రాసిన జవాబులు అవే, తేదీ సరిచేసి మళ్లీ లెక్క వేయమని స్కూలు ద్వారా అడగండి. మూడూ కొంచెం పైకి జరగొచ్చు. ఎక్కువ ఆశ పెట్టుకోకండి, వెర్బల్‌కూ నాన్ వెర్బల్‌కూ మధ్య దూరం మాత్రం దాదాపు అట్లే ఉంటుంది. టెస్టు సంగతి పక్కన పెట్టినా ఆ తేదీ పదో తరగతి లోపు సరిచేయించుకోండి, ఎస్ఎస్సీ మెమోలో పడిందంటే జీవితాంతం అదే తేదీ, తర్వాత మార్పించడం చాలా కష్టం.

వెబ్ జవాబు చదివి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. తెలిసిన మాటల్లోంచి ఇల్లు ఏదో వెతికి పట్టుకున్నాడు చూడండి, అదే రీజనింగ్. కానీ ఒక మాట గట్టిగా చెబుతా, 33 అబద్ధమని మాత్రం పక్కన పడేయకండి. వచ్చే ఏడాది నుంచి సైన్సు, సోషల్ అన్నీ ఇంగ్లీషులోనే లోతుగా వస్తాయి, హైవ్, కెనెల్ (కుక్క గూడు) లాంటి మాటలు తెలియని పిల్లోడికి అక్కడ కూడా అదే గడప అడ్డం వస్తుంది. దానికి ట్యూషన్ కాదు, కథలు కావాలి. రోజూ పావుగంట. స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో ప్రథమ్ బుక్స్ వాళ్ల కథలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉచితంగా ఉన్నాయి, ముందు తెలుగులో చదివి తర్వాత అదే కథ ఇంగ్లీషులో చదివించండి. కొత్త మాటను అర్థంతో బట్టీ పట్టించకండి, "ఇది దేని లాంటిది, దేనికి వేరు" అని అడగండి.

తెలుగు కూడా కూడబలుక్కుంటూ చదువుతున్నా, అక్షరాలు తారుమారు చేస్తున్నా అప్పుడు మాత్రం ఆలస్యం చేయకండి. ప్రభుత్వ ఆరోగ్య బృందాలు స్కూళ్లకు వస్తుంటాయి కదా, ఆ పథకం కిందే జిల్లా స్థాయిలో పిల్లల ఎదుగుదల ఇబ్బందులు చూసే డీఈఐసీ కేంద్రాలుంటాయి, అక్కడ చూపించండి. ఆ సంగతి ఈ కాగితం తేల్చలేదు.

---

కల్లూరు నాన్న (కర్నూలు)

తెలుగు గడగడా చదువుతాడు టీచరమ్మా, మా అమ్మకు పేపరు రోజూ వాడే చదివి పెడతాడు, ఆ భయం లేదు. సోమవారం స్కూలుకు పోయి తేదీ సంగతి రాతపూర్వకంగా ఇస్తున్నా, ఏ పిల్లలతో పోల్చారో కూడా అందులోనే అడుగుతా.

పొద్దున రిపోర్టు వాడి ముందే తెరిచి 88 ఉన్న గీత చూపించి, ఇది నీ ముగ్గు గీత అని చెప్పాను. కాసేపు చూసి, 33 ఉన్న గీత మీద వేలు పెట్టి "ఇది హైవ్ గీతా?" అన్నాడు. అవునన్నా. ఇప్పుడు మా అమ్మను కూర్చోబెట్టి కోడికి గంప అయితే ఆవుకు ఏది అవ్వా అని అడుగుతున్నాడు, ఆమె కొట్టం అంటే దాన్ని ఇంగ్లీషులో ఏమంటారని నా మీదికి వచ్చాడు. షెడ్ అనాలా ఇంకేదైనా మాట ఉందా, ఎవరైనా చెప్పండి.